పద్దెనిమిదేళ్ళ దొంతర

ఫిబ్రవరి 4

పని దొరికింది. ఇక్కడ ఎన్నాళ్ళుంటానో చూడాలి. గ్యారేజీలో మూడు నెలలు, ప్రింటింగు ప్రెస్సులో ఐదు వారాలు, పెయింట్ల గోడౌన్లో తొమ్మిది రోజులు. గోడౌను ఓనరయితే "నీ కాళ్ళలో పాదరసం ఉందిరా నాయనా" అని దండం పెట్టి మరీ పంపించాడు.

ఇది లాయరమ్మ ఆఫీసు. టైర్ల షాపు మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన ముక్కులోకి కొడుతుంది. పదిహేనేళ్ళ, పదహారేళ్ళ పిల్లల్ని పెద్దవాళ్ళ లెక్కన విచారించి ముప్పై ఏళ్ళు లోపల పడేసే చట్టాన్ని మార్పించాలని ఆవిడ పట్టుదల. మే నెలలో శాసనసభ కమిటీ కూర్చుంటుంది. ఆలోగా పాత కేసులన్నీ బయటికి తీసి, లెక్క కట్టి చూపించాలి. కోర్టు రికార్డు గదిలో ఫైళ్ళు దించడానికి, కావలసిన పేజీలు జిరాక్సు తీయడానికి, ఒక్కో కేసుకీ ఒక కార్డు నింపడానికి మనిషి కావాలి.

"ఎంతవరకూ చదివావు?"

"ఎనిమిది, మేడమ్."

"ఎందుకు మానేశావు?"

"కూర్చోలేక."

"ఇక్కడ కూర్చోవాలి మరి."

"ఫైళ్ళు మొయ్యాలన్నారుగా?"

నవ్వింది. కుదిరిపోయింది.

అన్న సంగతి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది ఉద్యోగం, అంతే.


ఫిబ్రవరి 10

రికార్డు గది కోర్టు వెనకాల, నేలమాళిగలో. ఇనప బీరువాలు నలభై పైన. తాళాలన్నీ ఒకే మనిషి నడుముకి వేలాడుతుంటాయి. ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. నేను బాబాయ్ అంటున్నాను.

"నెమ్మదిరా అబ్బాయ్! ఫైలు అంటే రొట్టె కాదు లాక్కోడానికి. ఆ దారం నా కంటే పెద్దది."

"మీకెన్నేళ్ళు బాబాయ్?"

"ఏ కాగితం ప్రకారం?" అన్నాడు.


ఫిబ్రవరి 17

ఆఫీసులో ఇంకో మనిషి ఉంది. లా చదువుతోంది. కళ్ళజోడు లేకపోతే గోడకి కూడా నమస్కారం పెట్టేస్తుంది. మనసులో కళ్ళజోడు అని పేరు పెట్టుకున్నాను, నోరు జారి ఒకసారి పైకే అనేశాను. "అదే ఖాయం చేసుకో, నా అసలు పేరు నాకూ నచ్చదు" అంది.

కార్డు ఎలా నింపాలో లాయరమ్మ మళ్ళీ చెప్పింది. నేరం జరిగిన రోజుకి వయసు, ఆ వయసుకి ఆధారం ఏ కాగితం, శిక్ష, ఇప్పటికి గడిచినవి ఎన్నేళ్ళు. "నీకు తెలిసింది రాయకు. నీకు అనిపించింది రాయకు. ఫైల్లో ఏముందో అదే రాయి. మన దగ్గర ఉన్న బలం అదొక్కటే."

అదేం పెద్ద విషయం.


మార్చి 2

జైల్లో అన్న దగ్గరికి వెళ్ళాను. ములాఖత్ గదిలో అద్దం మార్చారు, మొహం స్పష్టంగా కనపడుతోంది. కనపడకపోతేనే బాగుండేది. ఇరవై ఏడేళ్ళకే చెవుల దగ్గర నెరిసింది.

"ఏరా బొంగరం, ఎక్కడ తిరుగుతున్నావు ఇప్పుడు?"

పని గురించి చెప్పాను. చట్టం మారితే పద్దెనిమిది నిండకముందు నేరం చేసినవాళ్ళ శిక్షని పదేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తారని, మారినవాడని నమ్మితే వదిలేస్తారని చెప్పాను. అన్నకి పదకొండేళ్ళయింది.

వాడు ఫోను రిసీవరుని ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "నా కాగితాల్లో పద్దెనిమిది దాటింది కదరా" అన్నాడు.

"నీకు పదహారు."

"నాకు తెలుసు పదహారని."

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగాడు.


మార్చి 11

నూట ముప్పై ఏడో ఫైలు మా అన్నది.

నిలబడే చదివాను. గోడౌను దొంగతనం. లోపలికి వెళ్ళింది పెద్దవాళ్ళు ముగ్గురు. అన్న గేటు దగ్గర కాపు కాశాడు. లోపల కాపలాదారు అడ్డొచ్చాడు, కొట్టారు, చనిపోయాడు. అందరికీ ఒకటే శిక్ష. ఇవన్నీ తెలిసినవే. తెలియనిది ఒకటుంది. కాపలాదారు జేబులో దొరికిన వస్తువుల జాబితా: ఒక దువ్వెన, రెండు బస్సు టికెట్లు, పాపాయి జోడు ఒకటి. ఒకటే కాలిది.

చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

వయసుకి ఆధారం: మిల్లు కార్డు. దాని ప్రకారం పద్దెనిమిదేళ్ళ ఎనిమిది నెలలు.

నా కార్డు మీద 16 అని రాశాను. ఆధారం దగ్గర 'ఇతర పత్రాలు' అని రాశాను.


మార్చి 12

నేను రాసింది నిజమే. వాడికి పదహారేళ్ళ రెండు నెలలు. నా కంటే ఐదేళ్ళు పెద్ద. నాకప్పుడు పదకొండు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?


మార్చి 26

ఫైళ్ళు అయిపోయాయి. మొత్తం రెండు వందల పదకొండు. అన్నీ నేరం నాటికి ఇరవై ఏళ్ళు, అంతకు లోపు వాళ్ళవే. అందులో పద్దెనిమిది నిండనివాళ్ళు అరవై నలుగురు. కళ్ళజోడు బోర్డు మీద 64 అని పెద్దగా రాసి చుట్టూ గీత గీసింది. లాయరమ్మ టీ తెప్పించింది. "ఎనిమిదో తరగతి వాడివి, ఎల్‌ఎల్‌బీ వాళ్ళ కంటే శుభ్రంగా నింపావయ్యా" అంది. టీ సగం గ్లాసులోనే వదిలేశాను. వేడి ఎక్కువయింది.

ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను, జాబితాలో అన్న ఉన్నాడని. అమ్మ కుట్టుమిషను ఆపి నా వైపు చూసింది. తర్వాత లేచి అటక మీద అన్న పరుపు దింపమంది. ఎండలో వేస్తుందట.

"ఇప్పుడే ఏమీ కాదమ్మా."

"పరుపుకి ఎండ తగిలితే నీ కమిటీకేం పోయింది?"


ఏప్రిల్ 3

సర్కారు ప్లీడరు ఉత్తరం పంపాడు. అరవై నాలుగు కార్డుల్లో తనకి తోచిన పది తీస్తాడట, కమిటీ ముందే అసలు ఫైళ్ళతో సరిచూస్తాడట. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం లెక్కనే పక్కన పెట్టమని అడుగుతాడట.

"చూసుకోనీ. మన కార్డులు గాజు పలకల్లా ఉన్నాయి, ఎటు చూసినా అవతలిది కనపడుతుంది" అంది కళ్ళజోడు.

అరవై నాలుగులో పది. అంటే అన్న కార్డు తగలకపోవడానికే ఎక్కువ అవకాశం. ఆరింట్లో ఐదు వంతులు. బడిలో ఈ లెక్క చెప్పి ఉంటే మానేసేవాణ్ణి కాదు.


ఏప్రిల్ 4

రికార్డు గదికి వెళ్ళాను. ఏమీ చేయలేదు. నిజంగా ఏమీ చేయలేదు.


ఏప్రిల్ 5

రాసేస్తాను. ఇక్కడ కూడా దాస్తే ఇంకెక్కడ చెప్పుకోను.

నిన్న ఏదో పేజీ మిగిలిపోయిందని చెప్పి తాళాలాయనతో అన్న ఫైలు తీయించాను. ఆయన టీకి వెళ్ళాడు. మిల్లు కార్డు నకలు ముందుంది. పుట్టిన సంవత్సరంలో ఒక్క అంకె. చిన్న గీత చాలు. నల్ల సిరాయే, నా పెన్నూ నల్లదే. మూత తీశాను. నా చెయ్యి వణకలేదు. దానికే నాకు భయం వేసింది, కాస్తయినా వణక్కపోవడం.

పేజీ తిప్పితే మళ్ళీ ఆ జాబితా కనిపించింది. దువ్వెన, టికెట్లు, జోడు. ఒక కానిస్టేబులెవరో జేబులో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాడు. ఆయన రాయబట్టే ఆ చనిపోయిన మనిషికి ఒక బిడ్డ ఉందని నాకు తెలిసింది. అదే ఫైల్లో నేను గీత పెడితే ఇక అందులో ఏ పేజీని ఎవరు నమ్మాలి?

మూత పెట్టేశాను. తాళాలాయన వచ్చి నా చేతిలో పెన్ను చూశాడు. ఫైలు తీసుకుని, దారం కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. "రేపట్నుంచి ఇక్కడికి పెన్సిలు తెచ్చుకో" అన్నాడు. అంతే.


ఏప్రిల్ 6

అమ్మని అడిగాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"అన్నకి మిల్లు కార్డులో వయసు ఎవరు పెంచారు?"

"నేనే." దారం పళ్ళతో కొరికింది. "మీ నాన్న పోయాక ఇంట్లో ముగ్గురం. పద్దెనిమిది నిండితే తప్ప మిల్లులోకి రానివ్వం అన్నారు. ఆఫీసుకెళ్ళి ప్రమాణం చేసి రెండున్నరేళ్ళు కలిపి రాయించాను. వాడప్పటికే పొడుగు. ఎవరూ తిరిగి అడగలేదు."

"బడిలో కాగితం?"

"ఆ బడి మూసేసి ఎన్నాళ్ళయింది!"

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదమ్మా? వాడికి పదహారేనని ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

"చెప్తే దొంగ ప్రమాణానికి నన్ను లోపలేస్తామన్నాడు ఆ పోలీసు స్టేషనులో ఆయన. వాడు ఎలాగూ లోపలే ఉన్నాడు. నేనూ పోతే నిన్నెవరు చూస్తారు?"

మిషను మళ్ళీ తిప్పింది. తిప్పుతూ అంది: "పదహారైనా పద్దెనిమిదైనా శిక్ష ఒకటేనన్నారు అప్పుడు. ఇప్పుడు తేడా వస్తుందని నాకేం తెలుసు?"

లేచి బయటికి వెళ్ళాను. స్టేషను రోడ్డు, వంతెన, గాజు ఫ్యాక్టరీ, మళ్ళీ స్టేషను రోడ్డు. మూడు చుట్లు.


ఏప్రిల్ 8

చెప్పేశాను.

నీళ్ళు నములుతూ మొదలుపెట్టాను, సగంలో అదే ధారగా వచ్చేసింది. అన్న, కార్డు, పదహారు, 'ఇతర పత్రాలు', పెన్ను మూత. కళ్ళజోడు అద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయింది.

లాయరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎన్ని కార్డులు నువ్వొక్కడివే నింపావు?"

"అన్నీ."

"రెండు వందల పదకొండు!" అంది కళ్ళజోడు. "మహానుభావా! నాకు పరీక్షలు ఈ వారమే!"

"మీ అన్న ఉన్నాడని మొదటిరోజే చెప్పి ఉంటే మొదటిరోజే కమిటీకి రాసి ఉండేదాన్ని, ఎవరికీ అనుమానం ఉండేది కాదు," అంది లాయరమ్మ. "ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టి ఉంటే? ఆ దెబ్బ నీకు కాదు తగిలేది. మిగతా అరవై ముగ్గురికి."

"వెళ్ళిపోమంటారా?"

"ఎక్కడికి వెళ్తావు? అన్నీ మళ్ళీ సరిచూడాలి. మేమిద్దరం చదివి రాస్తాం. నువ్వు మోస్తావు. పెన్ను మాత్రం ముట్టుకోకు."

బోర్డు మీద 64 చెరిపి 63 రాసింది. ఆ నాలుగుని చెరుపుతున్నప్పుడు డస్టరు చేసిన చప్పుడు ఇంకా వినపడుతోంది.


ఏప్రిల్ 10

మోస్తున్నాను. జిరాక్సు నకళ్ళ కట్టలు ఆఫీసు అటక మీంచి దించి ఇస్తాను, వాళ్ళు సరిచూసి వెనక్కిస్తారు. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుంది. అందుకని వెనక్కిచ్చిన కట్టల్ని వయసు ప్రకారం నేల మీద పేరుస్తున్నాను. పద్నాలుగేళ్ళవి కిటికీ కింద, ఇరవయ్యేళ్ళవి తలుపు దగ్గర.

"ఏం చేస్తున్నావక్కడ, ఇల్లు కడుతున్నావా?" అంది కళ్ళజోడు. నాతో మాట్లాడటం ఇవాళే మళ్ళీ మొదలుపెట్టింది.


ఏప్రిల్ 13

చివరి కట్ట మా అన్నది. ఈసారి సరైన దొంతర మీద నా చేత్తోనే పెట్టమంది లాయరమ్మ. పదహారు దాటి, పదిహేడు దాటి, పద్దెనిమిది మీద పెట్టాను. పెట్టి, లేచి నిలబడి చూశాను.

పదిహేడేళ్ళ దొంతర జానెడు కూడా లేదు. పంతొమ్మిదేళ్ళది అంతకంటే తక్కువ. మధ్యలో పద్దెనిమిదేళ్ళది కుర్చీ ఎత్తుంది.

"మేడమ్, ఇదేంటి ఇలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఇలా," అని చేత్తో చూపించాను. "పదిహేడుకి ఇంత. పద్దెనిమిదికి ఇంత. పంతొమ్మిదికి మళ్ళీ ఇంతే. పద్దెనిమిదో ఏడు రాగానే అందరికీ ఒకేసారి పిచ్చి పట్టి, పంతొమ్మిదికి తగ్గిపోతుందా?"

లాయరమ్మ పెన్ను కింద పెట్టి లేచి వచ్చింది. రెండు నెలలుగా ఈ అంకెలు కార్డుల మీద చూస్తున్నాం, ముగ్గురికీ కనపడలేదు. ఆవిడ నేల మీద కూర్చుని ఆ దొంతర పైనుంచి కట్టలు తీయడం మొదలుపెట్టింది. కళ్ళజోడు పరీక్ష పుస్తకం మూసేసింది.


ఏప్రిల్ 15

పద్దెనిమిది అని రాసి ఉన్నవాళ్ళు తొంభై ఎనిమిది మంది. పుట్టిన కాగితం ఉన్నవాళ్ళు పదకొండు మందే. నలభై ఒక్కళ్ళకి అన్నలాగే ఏదో పని కార్డు ఆధారం. మిగతా నలభై ఆరుగురికి స్టేషనులో రాసిన ఒక ముక్క: 'చూడటానికి పద్దెనిమిదేళ్ళుంటాయి.'

అదే ముక్క. నలభై ఆరు సార్లు.

ఎనభై ఏడుగురికి అసలు వయసు ఎంతో ఎవరికీ తెలీదు. ఒక్క వాళ్ళ ఇళ్ళల్లో తప్ప.


ఏప్రిల్ 20

అన్నతో చెప్పాను, నిన్ను జాబితాలో పెట్టి తీసేశానని, పెన్ను మూత సంగతి కూడా.

"ఫైలు దిద్దబోయావా?" గాజుకి దగ్గరగా జరిగాడు. "అద్దం అడ్డుంది గానీ, లేకపోతే ఒక్కటిచ్చేవాణ్ణిరా."

"ఇవ్వు. బయటికొచ్చి ఇవ్వు."

నవ్వాడు. చాలా రోజులకి. కాపలాదారు జేబులో దొరికినవి చెప్పాను. నవ్వు పోయింది.

"నాకు తెలుసు," అన్నాడు. "విచారణలో చదివారు. ఆ పాపకి ఇప్పుడు పన్నెండో పదమూడో. నేను ఈల వేసి ఉంటే విని ఆ కాపలాదారు బయటికి పరిగెత్తేవాడురా. ఈల వెయ్యలేదు. భయమేసింది. నేను వస్తే ఆ మాట దాచుకుని రాను. అది చెప్పే వస్తాను."

టైమైందని గంట కొట్టారు.

దొంతర సంగతి లేస్తూ లేస్తూ చెప్పాను. వాడికి అర్థమైందో లేదో.


మే 6

కమిటీ. పెద్ద హాలు, ఏడుగురు సభ్యులు, మధ్యలో తెల్లమీసాల అధ్యక్షుడు. మా అన్న లోపలున్నాడన్న సంగతి, కార్డు సంగతి లాయరమ్మ మొట్టమొదటే చదివి వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు. చెవులు కాలిపోయాయి. కానీ తల దించలేదు.

సర్కారు ప్లీడరు పది కార్డులు తీశాడు. పదీ సరిపోయాయి. ఇంకో ఐదు తీశాడు. అవీ సరిపోయాయి. అరవై ముగ్గురి లెక్క నిలబడింది.

అప్పుడు లాయరమ్మ నాకు సైగ చేసింది. దొంతరలన్నీ మోసుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టాను. పద్దెనిమిదేళ్ళదానికి రెండు ట్రిప్పులు పట్టింది. అది పెట్టాక అధ్యక్షుడి మొహం నాకు కనపడలేదు. ఆయన పక్కకి వంగి చూడాల్సి వచ్చింది.

"ఇదేంటమ్మా, గోడ కట్టేశారు?"

"మేము కట్టలేదండీ. ఇలాగే ఉంది" అంది లాయరమ్మ. నలభై ఆరు కాగితాల్లోంచి ఆ ఒక్క ముక్కనే చదివింది. మొదటి నాలుగుసార్లు ఎవరో నవ్వారు. పదోసారికి నవ్వు ఆగిపోయింది. పదిహేనోసారి అధ్యక్షుడు చాలన్నట్టు చెయ్యెత్తాడు. "మిగిలినవాళ్ళూ ఉన్నారండీ" అని ఆవిడ నలభై ఆరూ చదివింది.

సర్కారు ప్లీడరు లేచాడు. "ఇదంతా బాగానే ఉంది. కానీ వయసు పెంచి రాయించింది ఎవరు? ఈ కుర్రాళ్ళ ఇంటివాళ్ళేగా! అప్పుడు ప్రమాణం చేసి ఒకటి చెప్పిన తల్లి ఇప్పుడొచ్చి ఇంకోటి చెప్తే, ఆ మాట ఎలా నమ్మమంటారు?"

వెనక వరసలోంచి గొంతు వినిపించింది. అమ్మ. రావద్దని చెప్పాను. వచ్చింది. లేచి నిలబడి, ముందు బెంచీ పట్టుకుని ఉంది.

"అప్పుడు నమ్మారు కదండీ. అప్పుడూ చెప్పింది నేనేగా."

ప్లీడరు ఏదో అనబోయాడు. అధ్యక్షుడు ఆగమన్నాడు. "ఇలా ముందుకి రామ్మా. దొంగ ప్రమాణం చేశానని ఇక్కడ చెప్తే మీ మీద కేసు అవ్వొచ్చు. తెలుసా?"

"తెలుసయ్యా. ఆ భయంతోనే పదకొండేళ్ళు నోరు మూసుకున్నాను. అప్పుడు చిన్నవాడు ఉన్నాడు. ఇప్పుడు వాడికి ఇరవై రెండు. వాడి అన్నం వాడు వండుకోగలడు."

చెప్పింది. మొత్తం చెప్పింది. మోకాలు నొప్పని కుర్చీ వేస్తే కూర్చోలేదు.


మే 7

వండుకోగలను. నిజమే. మాడిపోతుంది గానీ.


జూలై 1

చట్టం మారింది. అరవై ముగ్గురి శిక్షలూ మళ్ళీ చూస్తారు. బోర్డు ముందు నిలబడి కళ్ళజోడు ఏడ్చింది, ఏడుస్తూనే పరీక్ష పోయిందని తిట్టింది. రెండు నెలలైనా అమ్మ మీద ఎవరూ కేసు పెట్టలేదు.

ఎనభై ఏడుగురికి వయసు విచారణ అన్నారు. వారానికి ఇద్దరు. ఒక్కొక్కరికీ ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇంటి మనిషి ఒకరు, బయటి మనిషి ఒకరు. పిలిచిన రోజు సాక్షులు లేకపోతే ఆ పేరు జాబితా చివరికి పోతుంది.

వరస మనమే ఇవ్వాలట. "ఇది కనిపెట్టింది నువ్వు. మీ అన్నకి సాక్షులు కూడా సిద్ధం. ముందు పెడితే ఎవరూ కాదనరు" అంది కళ్ళజోడు. లాయరమ్మ నా వైపు చూస్తూ ఉంది.

"ఎక్కువ ఏళ్ళు లోపలున్నవాళ్ళు ముందు" అన్నాను.

"అలా వేస్తే మీ అన్న ఎన్నో వాడు?"

"ముప్పై ఒకటి." ముందే లెక్కపెట్టుకున్నాను.

లాయరమ్మ సొరుగులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టింది. జాబితా నన్నే రాయమంది.


జూలై 3

అన్నతో చెప్పాను.

"ముప్పై మంది తర్వాతా?"

"ఊ."

"ముందువాళ్ళకి సాక్షులు దొరక్కపోతే?"

"వాళ్ళు చివరికి పోతారు. నువ్వు ముందుకొస్తావు."

ఇద్దరం ఒకేసారి కళ్ళు తిప్పుకున్నాం. ఆ లెక్క నాకు మొన్నే తట్టింది. తట్టినందుకు అప్పుడే సిగ్గేసింది. వాడికీ ఇప్పుడే తట్టిందని మొహం చూస్తే తెలిసింది.

"సాక్షుల్ని వెతికేది ఎవరు?" అన్నాడు.

"నేనే."

"మరి ఇక్కడ కూర్చున్నావేంట్రా? ఫో."


జూలై 5

మొదటి పేరు. పంతొమ్మిదేళ్ళుగా లోపలున్నాడు. ఫైల్లో ఉన్న చిరునామాకి వెళ్తే ఆ ఇల్లు లేదు, బైకులు కడిగే షెడ్డు ఉంది. వాళ్ళెప్పుడో వెళ్ళిపోయారన్నారు. ఎక్కడికో తెలీదన్నారు.

షెడ్డు ముందు కాసేపు నిలబడ్డాను. ఇక్కడితో ఆగిపోయి, 'విచారించాను, ఆచూకీ లేదు' అని రాసుకోవచ్చు. అబద్ధం కూడా కాదు. అన్న ముప్పయ్యో వాడవుతాడు.

నా కాళ్ళు ఆగలేదు. జీవితంలో మొదటిసారి వాటికి దండం పెట్టుకున్నాను. పాలబూతు, ఇస్త్రీ బండి, మందుల షాపు, రెండు వీధులు, ఇంకో రెండు. ఇస్త్రీ అతను ఒక ముసలాయన్ని చూపించాడు, ముసలాయన కుళాయి దగ్గర ఒకావిడని అడగమన్నాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఆ కుర్రాడి అక్క నీళ్ళ ట్యాంకు వెనక వీధిలో మూడో గుమ్మంలో ఉంటుందని చెప్పింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. గొలుసు తీయలేదు. యాభై దాటిన మనిషి.

"ఎవరు నువ్వు?"

"మీ తమ్ముడి గురించి వచ్చానమ్మా. కోర్టు పని మీద."

తలుపు మూయబోయింది. గబగబా అన్నాను: "ఒక్కటే అడుగుతాను. వాడి వయసెంత?"

ఆలోచించలేదు. వేళ్ళు మడవలేదు.

"పదిహేను," అంది. "కార్తీకంలో పదహారొస్తాయి."

పంతొమ్మిదేళ్ళు కలపడం ఆవిడకి తట్టలేదు. నేనూ కలపలేదు.

గొలుసు తీసింది. లోపల ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ నా వైపు జరిపింది. ఆవిడ చెప్పిందంతా ఉన్నది ఉన్నట్టు రాశాను. రెండుసార్లు చదివి వినిపించాను. సంతకం పెట్టేముందు మూడోసారి చదవమంది.

"బయటి మనిషి ఇంకొకరు కావాలమ్మా. వాడు పుట్టినప్పటి సంగతి తెలిసినవాళ్ళు."

"ఉంది ఒకావిడ. చెవుడు. గట్టిగా అరవాలి."

"అరుస్తాను" అన్నాను.

ఇద్దరం బయలుదేరాం.